మిరపకళ్లముల నడుమ చల్లని పచ్చడి

గడచిన మాఘమాసమున మేము గుంటూరునుండి బయలుదేఱి పర్చూరు ప్రాంతమునందలి మా పెద్దమ్మగారి యూరికి పోయితిమి. చిలకలూరిపేట దాటి చీరాల దారి పట్టగానే రెండు ప్రక్కలను నల్లరేగడి నేల కనుచూపుమేర పఱచుకొని యుండెను. కొన్ని చేలలో చివరి తీతకు వచ్చిన ప్రత్తి తెల్లగా విచ్చి యుండెను. కొన్నిట స్త్రీలు తలలకు గుడ్డలు చుట్టుకొని మిరపపండ్లు కోయుచుండిరి. ఊరి దాపునకు వచ్చునప్పటికి కళ్లములలో ఎండబోసిన కాయలతో నేలయే యెఱ్ఱబడి కనబడెను. కారు అద్దములు మూసినను ఘాటు ముక్కులకెక్కి అందఱము తుమ్మితిమి.

ఈ యూరు 1970 వఱకు గుంటూరు జిల్లాలో నుండెను. ఆ యేట క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోనికి పోయెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశమని పేరు పెట్టిరి. మరల 2022లో ఈ ప్రాంతము బాపట్ల జిల్లాలో చేరెను. "మేము కదలలేదమ్మా, జిల్లాలే మా మీదుగా నడిచిపోయినవి" అని పెద్దమ్మగారు నవ్వుచుందురు.

కాని మేము పోయిన దినమున వారి మొగమున నవ్వు లేదు. కాలిఫోర్నియాలో నుండు కుమార్తె నాలుగేండ్లకు పుట్టినింటికి వచ్చినది. ఏడేండ్ల మనుమరాలిని వెంట తెచ్చినది. వచ్చిన నాడే అమ్మమ్మ పండుమిరపకాయ పచ్చడితో ముద్ద కలిపి నోటికందించగా, ఆ పిల్ల పెదవులు మండి గుక్కపట్టి యేడ్చినదట. నాటినుండి ఆ యింట వండినదేదియు ముట్టదు. గుంటూరులో కొనితెచ్చిన సీసాలోని తెల్లని చిక్కని కలుపులో కారెట్టు ముక్కలు ముంచుకొని తినును. పెద్దమ్మగారు ఎవరినీ ఏమియు అనలేదు. అందఱితోపాటు విస్తరి ముందు కూర్చుండుట మాత్రము మానివేసిరి. వారి ప్రయాణమునకు ఇంక ఆఱు దినములే యుండెను.

ఆ సీసాపై "ర్యాంచ్" అని యుండెను. దాని పుట్టుక మాకు కొంత తెలియును. 1950 దశకమున స్టీవ్ హెన్సన్ అను నాతడు కాలిఫోర్నియాలోని సాంతా బార్బరా సమీపమున నొక విడిది నడుపుచు, మజ్జిగలోను మయొనేజిలోను ఆకులు కలిపి చేసిన ఈ కలుపును అతిథులకు వడ్డించి ప్రసిద్ధి కెక్కించెను. ఈ సంగతి చెప్పగా పెద్దమ్మగారు సీసా మూత తీసి వాసన చూచి, "మజ్జిగా? అయితే ఇది మన పెరుగుపచ్చడికి చుట్టమే" అనిరి.

ఆ మధ్యాహ్నము మేము చేనికి పోయితిమి. కోత ముగించిన స్త్రీలు చేతులకు ముందు నూనె రాచుకొని, పిదప మజ్జిగతో కడుగుకొనుచుండిరి. మిరప మంట నీటిలో కరగదు, క్రొవ్వులో కరగును. పాలలోని మాంసకృత్తులు సయితము ఆ మంటను పట్టి తీసికొనిపోవును. అందుచేతనే కారము తగిలిన నోటికి మంచినీళ్లకంటె పెరుగు మేలు. ఈ మిరప మాత్రము మన నేలపై పుట్టినదా? పోర్చుగీసువారి మూలమున అమెరికాఖండమునుండి వచ్చినదే. అంతకు ముందు మనకు కారమనిన మిరియములే. ఈ మాట వినగానే ఆ పిల్ల, "అయితే అమ్మమ్మా, మిరపకాయ కూడా మా ఊరినుంచే వచ్చిందా!" అని చప్పట్లు చఱచినది.

మఱునాడు పచ్చడి పని పెట్టుకొంటిమి. మొదటి మాఱు మేమే చెడగొట్టితిమి. ఆకు కడిగి తడితోడనే వేసి, ఉప్పును ముందుగనే కలిపితిమి. కూరముక్కలు నీరు విడిచి, గడియలో అంతయు పలుచని చల్లయైనది. పిల్ల గరిటె వంక చూచి లేచిపోయినది. రెండవ మాఱు పెద్దమ్మగారే పీట వేసికొని కూర్చుండిరి.

వారు చేసిన విధమిది. రాత్రి తోడుపెట్టిన చిక్కని పెరుగు అరలీటరు పలుచని బట్టలో మూటగట్టి రెండు గంటలు వ్రేలాడదీసిరి. కారిన నీటిని పారబోయక మజ్జిగలో కలిపిరి. గుప్పెడు కొత్తిమీర, పది పుదీన ఆకులు కడిగి, గుడ్డపై ఆరబెట్టి, తడి లేకుండ సన్నగా తఱిగిరి. వెల్లుల్లి రెబ్బ ఒకటి, వేయించిన జీలకఱ్ఱ అరచెంచా రోటిలో మెత్తగా నూఱిరి. పెరుగులో రెండు చెంచాల మీగడ వేసి కవ్వముతో నునుపగువఱకు చిలికి, ఆకును నూఱినదానిని కలిపిరి. ఉప్పు మాత్రము వడ్డించు వేళ వేసిరి. దోసకాయ, కారెట్టు ముక్కలను విడిగా పెట్టిరి. ఇట్టి పచ్చడిని గాజుగిన్నెలోనో పింగాణిలోనో ఉంచవలెను. కళాయి లేని ఇత్తడిలో పులుపు చిలుమెక్కును. ఏ పూట చేసినది ఆ పూటకే రుచి.

పిల్ల ఒక ముక్క ముంచుకొన్నది, మఱియొకటి ముంచుకొన్నది, తుదకు గిన్నెనే దగ్గఱకు లాగుకొన్నది. నాలుగవ నాడు పెద్దమ్మగారు గింజలు తీసిన పచ్చిమిరపకాయ చిన్నముక్క తఱిగి అందులో కలిపిరి. పిల్ల కన్నులార్పి, "కొంచెం కారంగా ఉంది" అన్నది. గిన్నె మాత్రము వదలలేదు. ఆ పూట పెద్దమ్మగారు మాతోపాటు విస్తరి వేసికొనిరి.

ప్రయాణము నాడు కుమార్తె కాగితము తీసి కొలతలు వ్రాసికొనుచు, "గుప్పెడు అంటే ఎంతమ్మా?" అని యడిగినది. పెద్దమ్మగారు చెప్పజాలక తమ పిడికిలి చూపిరి. ఆమె తన పిడికిలిని దాని ప్రక్కన పెట్టి చూచుకొన్నది. రెండును సమముగనే యుండెను. అంతలో చిన్నపిల్ల తన పిడికిలిని కూడ తెచ్చి వాని నడుమ పెట్టినది.