ఎనిమిది పళ్ళ తేడా

చిక్కడపల్లి మెట్రో స్టేషన్‌లో దిగి అశోక్‌నగర్ వైపు నడిస్తే సందు సందునా చదువుకునే పిల్లలే. నగర కేంద్ర గ్రంథాలయం, గ్రూప్స్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, జిరాక్స్ షాపులు, టిఫిన్ బండ్లు: ఈ పేట రోజంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. గదికీ లైబ్రరీకీ మధ్య సెకండ్ హ్యాండ్ సైకిల్ మీద తిరిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అందుకే ఇక్కడి సైకిల్ రిపేరు కొట్లకు పంక్చర్ల పని, బ్రేకు వైర్ల పని తప్పదు. అలాంటి ఒక కొట్టులో ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్‌కు ముందు చైన్‌వీల్ మారుస్తున్నారని తెలిసి చూద్దామని వెళ్ళాను.

కొట్టంటే ఒక్క షట్టరు. పైన ట్యూబులు, గోడకు పానాలు, కింద పంక్చర్ చూసే నీళ్ళ తొట్టి. మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. అట్లాస్, హీరో నల్ల సైకిళ్ళ మీద పని నేర్చుకున్న మనిషి. ఆ సైకిళ్ళ క్రాంకును ఇరుసుకు కాటర్ పిన్ను పట్టి ఉంచేది, దాన్ని సుత్తితో కొట్టి ఊడదీసేవారు. ఇప్పుడు ఆయన ముందు స్టాండుకెక్కి ఉన్న బండి బరువు ఇరవై కిలోల పైమాటే. డౌన్ ట్యూబులో బ్యాటరీ, వెనక చక్రం హబ్బులో 250 వాట్ల మోటారు, 27.5 అంగుళాల చక్రాలు. ముందు 42 పళ్ళ చైన్‌వీల్ ఒక్కటే. వెనక 14 నుంచి 28 పళ్ళ దాకా ఏడు గేర్లు.

బండి నారాయణగూడలో ఉండే ఒక కుర్రాడిది. బ్యాంకులో ఉద్యోగం. పొద్దున్నే హిమాయత్‌నగర్, లిబర్టీ మీదుగా నౌబత్ పహాడ్ ఎక్కి దిగుతాడు. సెలవు దొరికితే వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు పోతాడు. ఎక్కుడులో కాళ్ళు బిగుసుకుపోతున్నాయన్నదే అతని బాధ. చిన్న గేరులో వేసినా పెడల్ బరువుగానే తిరుగుతోంది, మోటారు మూలుగుతోంది, బ్యాటరీ గీతలు చకచకా పడిపోతున్నాయి.

"ఎనుక చక్రం మనం ముట్టొద్దు సార్" అన్నాడు మేస్త్రీ నాతో. "అండ్ల మోటరుంది, వైరుంది. ముందుదే మారుస్త. పళ్ళు తక్కువైతే కాళ్ళకు అల్కగ ఉంటది."

ఆయన మాటలో చాలా విషయం ఉంది. మామూలు సైకిల్‌కైతే వెనక ఎక్కువ పళ్ళ ఫ్రీవీల్ వేసినా సరిపోతుంది. హబ్ మోటారు బండికి ఆ పని చేయాలంటే మోటారు కేబుల్ కనెక్టరు విప్పాలి, ఇరుసు నట్లు, వాషర్లు వరస తప్పకుండా తీయాలి, మళ్ళీ అదే వరసలో బిగించాలి. ముందువైపు ఆ తంటా లేదు.

ముందు పళ్ళు తగ్గిస్తే వేగం పోతుందని చాలామంది భయపడతారు. ఈ కుర్రాడూ అదే అడిగాడు. నోట్‌బుక్కు తీసి లెక్క వేసి చూపించాను. అతని చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.15 మీటర్లు పోతుంది. ముందు 42, వెనక 14 మీద పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం మూడు చుట్లు తిరుగుతుంది, అంటే బండి 6.45 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 31 కిలోమీటర్లు. ముందు 34 వేస్తే అదే తొక్కుడుకు 5.22 మీటర్లే వస్తుంది. వేగం గంటకు 25 కిలోమీటర్లు.

ఆ 25 దగ్గర ఆగి చూడాలి. మన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న తేలికపాటి బ్యాటరీ బండికి రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. అందుకే ఈ సైకిళ్ళలో ఆ వేగానికి చేరగానే మోటారు సాయం ఆగిపోతుంది. ఐరోపాలోనూ ఇదే హద్దు. అంటే 42 పళ్ళతో వచ్చే ఆ పై 6 కిలోమీటర్ల వేగం పూర్తిగా కాళ్ళదే. మోటారు సాయం లేకుండా ఇరవై కిలోల పైబడ్డ బండిని, లావు టైర్లతో, చిక్కడపల్లి ట్రాఫిక్కులో గంటకు 31 తొక్కే సందర్భం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సాయం గంటకు 32 కిలోమీటర్ల దాకా అందుతుంది. అక్కడ ఉండే మన పిల్లలకు పెద్ద రింగుతో పని ఉండొచ్చు. మన దగ్గర మాత్రం ఎక్కుళ్ళు తొక్కేవాడికి 42 బరువే తప్ప లాభం లేదని నా గట్టి అభిప్రాయం.

ఎక్కుడు లెక్క ఇంకా తేటగా ఉంటుంది. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో కొండ ఎక్కుతుంటే, వెనక 28 మీద 42 రింగుతో పెడల్ నిమిషానికి 41 చుట్లే తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ మోకాలు ఒత్తుడంతా మోయాలి. 34 వేస్తే అది 51 అవుతుంది. పది చుట్లు పెరిగితే మోకాలికి ఎంత ఊరటో కొండ తొక్కినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ముందుగా మేస్త్రీ స్విచ్ ఆపి, తాళం తిప్పి బ్యాటరీని బయటికి లాగి బల్ల మీద పెట్టాడు. తర్వాత చైన్ విప్పాడు. కుడి క్రాంకు బోల్టు తీసి పుల్లర్‌ను మరలోకి చివరిదాకా చేత్తోనే తిప్పాడు. మర రెండు చుట్లే పట్టినప్పుడు పానాతో లాగితే అల్యూమినియం మర ఊడిపోతుంది, ఆ తర్వాత క్రాంకును కోసి తీయాల్సి రావచ్చు. ఆయన వేళ్ళు ఆ బిగింపును పట్టి చూస్తూనే ఉన్నాయి. ఆఖరికి పుల్లర్ పిడి తిప్పితే చిన్న టక్కుమన్న చప్పుడుతో క్రాంకు నలుపలకల ఇరుసు మీంచి జారింది.

దాని వెనక నల్లటి ప్లాస్టిక్ బిళ్ళ. అందులో చుట్టూ చిన్న చిన్న అయస్కాంతాలు. పక్కనే ఫ్రేముకు అంటుకుని సెన్సార్. పెడల్ తిరుగుతోందని మోటారుకు కబురు చెప్పేది ఈ జంటే. బిళ్ళ పగిలినా, తిరగేసి పెట్టినా, సెన్సార్‌కూ దానికీ మధ్య సందు పెరిగినా మోటారు పలకదు. మేస్త్రీ దాన్ని తుడిచి, బయటి ముఖం మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టాడు. రింగు చిన్నదైతే ఇక్కడ ఇంకో మేలు కూడా ఉంది. అదే దూరానికి పెడల్ ఎక్కువ తిరుగుతుంది కాబట్టి, ఆగి ఉన్న బండి కదిలేటప్పుడు సెన్సార్‌కు కబురు తొందరగా అందుతుంది, మోటారు కాస్త ముందుగా అందుకుంటుంది.

పాత సెట్టును చేతికిచ్చాడు. 42 పళ్ళ రింగును క్రాంకుకు రివెట్లతో కొట్టేశారు. విప్పడానికి బోల్టు లేదు.

"రివిట్ కొట్టి పంపుతుండ్రు సార్. నాలుగు పళ్ళు అరిగినయంటే మొత్తం సెట్టు పారెయ్యాలె."

నలభై యాభై వేలు పెట్టి కొన్న బండిలో కంపెనీ నాలుగు బోల్టులు మిగుల్చుకోవడం నాకు అన్యాయంగా తోచింది. అరిగేది రింగు. దాన్ని పట్టుకుని ఉండే క్రాంకు ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. రెండింటినీ విడదీయలేకుండా కలిపేస్తే బాగున్న క్రాంకూ చెత్తలోకే పోతుంది. సైకిల్ కొనేవాళ్ళు బ్యాటరీ ఎంత, రేంజ్ ఎంత అని అడుగుతారు. చైన్‌వీల్ బోల్టులతో ఉందా, రివెట్లతో ఉందా అని కూడా వంగి చూడాలి.

కొత్తగా తెప్పించినది నాలుగు బోల్టుల క్రాంకు, బోల్టుల వలయం వ్యాసం 104 మిల్లీమీటర్లు. మౌంటెన్ సైకిళ్ళలో ఎక్కువగా దొరికే కొలత ఇదే కాబట్టి రేపు రింగు మార్చాలన్నా వెతుక్కోనక్కర్లేదు. దాని మీది 34 పళ్ళ రింగులో ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం. చైన్‌లో లింకుల సందు కూడా ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు కదా, ఆ వరసకు ఈ వరస కూర్చుంటుంది. గుంతల్లో బండి ఎగిరినా చైన్ అంత సులువుగా ఊడదు. స్రామ్ కంపెనీ 2012లో ఈ పద్ధతిని మౌంటెన్ సైకిళ్ళలోకి తెచ్చాక ముందువైపు ఒక్క రింగుతోనే నడపడం మామూలైంది.

క్రాంకు ఎక్కించాక మేస్త్రీ వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి, రింగుకూ వెనక నడిమి గేరుకూ వరస చూశాడు. రింగు లోపలికి జరిగితే ఫ్రేముకు తగులుతుంది, బయటికి జరిగితే వెనక 28 పళ్ళ గేరులో చైన్ అడ్డంగా లాగుతుంది. ఇక్కడ బాగానే కుదిరింది. చైన్ పొడవు మాత్రం తగ్గించాలి. రింగు మీద చైన్ సగం చుట్టే పట్టి ఉంటుంది కాబట్టి, ఎనిమిది పళ్ళు తగ్గితే అందులో సగం, నాలుగు అరంగుళాల లింకులు తీయాలి. చైన్ కట్టర్‌తో సరిగ్గా రెండు అంగుళాల ముక్క తీశాడు. అంతకుముందే స్కేలు పెట్టి పాత చైన్‌ను కొలిచాడు. ఇరవైనాలుగు లింకులు 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు మించి సాగితే కొత్త చైన్ వేయాల్సిందే. ఇది ఇంకా బాగుంది.

నేను పెడల్ మధ్య మోటారు ఉన్న బండ్ల సంగతి ఎత్తాను. బాష్, షిమానో మోటార్ల ఖరీదైన మౌంటెన్ బైకులు అవి. ఇలాంటి కొట్టుకు అరుదుగా వస్తాయి గానీ లెక్క పూర్తిగా మారేది వాటితోనే. హబ్ మోటారు బలం నేరుగా చక్రానికే పోతుంది, చైన్ మోసేది కాళ్ళ బలం ఒక్కటే. మధ్య మోటారైతే కాళ్ళతో పాటు మోటారూ చైన్‌నే లాగుతుంది. షిమానో ఈపీ8 లాంటిది 85 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. 42 బదులు 34 వేస్తే అదే టార్కుకు చైన్ మీద లాగుడు 23 శాతానికి పైగా పెరుగుతుంది. మోటారుకు ఎక్కుడు తేలికవుతుంది, చైన్ మాత్రం తొందరగా అరుగుతుంది. బాష్ పాత తరం మోటార్లు కొన్నిటిలో ఇంకో చిత్రం: పెడల్ ఒక చుట్టు తిరిగితే ముందు రింగు రెండున్నర చుట్లు తిరుగుతుంది. అక్కడ 15 పళ్ళ రింగంటే మామూలు లెక్కలో 38కి దగ్గర. ఒక్క పన్ను మార్చినా రెండున్నర పళ్ళు మార్చినట్టే.

మేస్త్రీ శ్రద్ధగా విన్నాడు. "అయితే గీ బండి మోటరుకు ఏం ఫరక్ పడదు గదా సార్" అన్నాడు. నేరుగా పడదు. కానీ చక్రం మరీ నెమ్మదిగా తిరిగేటప్పుడు హబ్ మోటారు తాగే కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. కాళ్ళు తమ వంతు బలం ఇవ్వగలిగి వేగం పడిపోకుండా ఉంటే మోటారూ చల్లగా ఉంటుంది, బ్యాటరీ ఇంకొంత దూరం వస్తుంది.

కుర్రాడు బండి తీసుకుని నౌబత్ పహాడ్ దాకా వెళ్ళొచ్చాడు. 280 అడుగుల కొండ. వస్తూనే ముఖం వెలిగిపోతోంది. కూర్చునే ఎక్కాడట, లేచి తొక్కాల్సిన పని పడలేదట.

"అన్నా, 32 వేస్తే ఇంకా తేలికవుతుందా?"

80 చుట్లకు 32 రింగు ఇచ్చేది గంటకు 23 కిలోమీటర్ల పైచిల్లర. మోటారు సాయం చివరిదాకా వాడుకోవాలంటే కాళ్ళు ఇంకాస్త గబగబా తిప్పాలి. అనంతగిరికి వారం వారం పోయేవాడికైతే అదీ తప్పు కాదు.

"ముందుగాల దీన్ని తొక్కు తమ్మీ" అన్నాడు మేస్త్రీ, బ్యాటరీ తాళం అతని చేతిలో పెడుతూ. "నూరు కిలోమీటర్లు అయినంక తీస్కరా, క్రాంకు బోల్టు మళ్ల బిగియ్యాలె. అప్పటికి 32నే కావాలంటవా, ఇగ రింగొక్కటే కొను. నాలుగు బోల్టులే గదా."