కూలెంట్: ఒక తియ్యని విషం

వేసవిలో ఇంటిల్లిపాదితో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే మా ఎస్‌యూవీకి కూలెంట్ దేనికి, నీళ్ళు చాలవా అని మావాళ్ళు అడుగుతుంటారు. మన సీమలో నీరు గడ్డకట్టదు, నిజమే. కానీ బోరునీటి లవణాలు రేడియేటర్ గొట్టాలలో పొరలు కడతాయి. లోహం తుప్పు పడుతుంది.

ఇథిలీన్ గ్లైకాల్, శుద్ధజలం చెరిసగం కలిపితే ఆ మిశ్రమం సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. బిగించిన మూత కింది ఒత్తిడి ఆ హద్దును ఇంకా పెంచుతుంది. అందులోని తుప్పు నిరోధకాలు మాత్రం కాలక్రమేణా క్షీణిస్తాయి. అందుకే రంగును నమ్మక, బండితో ఇచ్చిన పుస్తకం చెప్పిన గడువుకే మార్పిస్తాను. ఇంజిన్ చల్లారాకే మూత ముట్టుకుంటాను.

నన్ను భయపెట్టేది దాని తీపి. ఒలికినదాన్ని కుక్క నాకినా, పసివాడు తాగినా మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. మిగిలిన డబ్బాను మా ఇంట్లో అటక మీదే ఉంచుతాను.