బండిలో బాత్రూం

ప్రయాణమంటే చాలు, మా అమ్మ నీళ్లు తాగడం మానేస్తుంది. విజయవాడలో హైదరాబాదు బస్సెక్కే రోజు పొద్దుటి కాఫీ కూడా సగం గ్లాసే. దారిలో ఎక్కడ ఆపుతారో, ఆపినచోట తలుపుకి గడియ ఉంటుందో లేదోనన్న భయం మన ఆడవాళ్లకు తరతరాలుగా నేర్పిన అలవాటిది. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వచ్చినా అది పోదు. ఎల్లోస్టోన్ చూపిస్తామంటే "అంత దూరం నావల్ల కాదులే, మీరు వెళ్లి రండి" అనడానికి సగం కారణం అదే. పైకి చెప్పరు. షుగరున్న నాన్నలదీ ఇదే బాధ.

అలాంటి దూరప్రయాణాలకి ఇల్లులాంటి బండి, మోటర్‌హోమ్, తీసుకున్నప్పుడు అందరూ మంచాలూ పొయ్యీ ఫ్రిజ్జూ చూసి మురిసిపోతారు. నాకు దాని అసలు విలువ ఆ మూలనున్న ఇరుకు గదిలోనే కనిపిస్తుంది. అక్కడ ఫ్లష్ పాడైతే అమ్మ మళ్లీ నీళ్లు మానేస్తుంది. అందుకే దాన్ని బాగుచేసే పని పట్టుబట్టి నేర్చుకున్నాను.

ఇంట్లో కమోడ్‌కి వెనక నీళ్ల ట్యాంకు ఉంటుంది, కింద ఒంపు తిరిగిన గొట్టంలో నిలిచే నీళ్లు వాసనను ఆపుతాయి. అమెరికా మోటర్‌హోముల్లో ఎక్కువగా కనిపించే రకానికి ఆ రెండూ లేవు. గిన్నె అడుగున జరిగే పలక, దాని కింద నేరుగా మురుగు ట్యాంకు. కాలితో పెడలు కొంచెం నొక్కితే గిన్నెలోకి నీళ్లొస్తాయి, పూర్తిగా నొక్కితే పలక తెరుచుకుంటుంది. వదిలేశాక పలక మీద నిలిచే కాసిని నీళ్లే వాసనకు అడ్డు. 1775లో లండన్‌లో ఫ్లష్ మరుగుదొడ్డికి పేటెంటు పొందిన గడియారాల నిపుణుడు అలెగ్జాండర్ కమింగ్ కూడా గిన్నె అడుగున జరిగే పలకా, దాని కింద ఒంపు గొట్టమూ పెట్టాడు. ఇళ్లలో ఒంపు మిగిలింది, బండ్లలో పలక మిగిలింది. చలికి ఆ పలక బిగుసుకుపోతోందని 1778లో జోసెఫ్ బ్రామా దాని బదులు కీలు మీద తిరిగే మూత పెట్టాడు. బండి ఫ్లష్‌కి చలి ఈనాటికీ శత్రువే.

గిన్నెలో నీళ్లు నిలవక మెల్లగా దిగిపోతుంటే ముందే కొత్త కమోడ్ కొనకండి. పలక అంచు చుట్టూ ఉన్న రబ్బరు సీలులో కాగితం ముక్కో, నీటి ఉప్పు పొరో ఇరుక్కుని ఉంటుంది. గ్లౌజులు వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో ఆ గాడి శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే చాలాసార్లు సరిపోతుంది. రబ్బరు ఎండి పగిలి ఉంటే మాత్రం మార్చాల్సిందే.

కమోడ్ వెనక నేల తడుస్తుంటే అనుమానించాల్సింది నీళ్ల వాల్వును. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, చలికాలమంతా బయట నిలిపిన బండిలో ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క దాన్ని తట్టుకోలేదు. మార్చడానికి ముందు మురుగు ట్యాంకు ఖాళీ చేయాలి. తర్వాత బండిలోని నీళ్ల పంపు ఆపి, బయటి నీళ్ల పైపు తీసేసి, పెడలు నొక్కి గొట్టాల్లో మిగిలిన ఒత్తిడి వదిలేయాలి. కమోడ్‌కి వచ్చే నీళ్ల గొట్టమూ, నేలకు బిగించిన నట్లూ విప్పితే కమోడ్ పైకొస్తుంది. రాగానే కింది రంధ్రంలో ఓ పాత గుడ్డ కుక్కండి, జారిన నట్టు ట్యాంకులో పడితే ఇక దొరకదు. అదే మోడలుకి సరిపడే వాల్వు బిగించి, గుడ్డ తీసేసి, అడుగు సీలు కూడా కొత్తది వేసి కూర్చోబెట్టాలి. నట్లు ఒకటి మార్చి ఒకటి, కొద్దికొద్దిగా తిప్పాలి. బలం చూపిస్తే అడుగు పగులుతుంది. పంపు వేశాక కీళ్ల కింద పొడి టిష్యూ కాగితం పెట్టి చూస్తే సన్నటి కారుడైనా దాగదు.

చలి రాకముందే గొట్టాల్లో నీళ్లు తీసేసి, బండ్ల కోసమే అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కించాలి. పెడలు నొక్కితే గిన్నెలోకి ఆ రంగు దిగిందంటే వాల్వులోకీ చేరినట్టే. ఇది మానేసి వసంతంలో బాధపడేవాళ్లే ఎక్కువ.

చివరగా, మన పొదుపు గురించి ఒక మాట. బిందె నీళ్లతో పూట గడిపిన మనుషులకు నీళ్లు వృథా చేయడానికి చెయ్యి రాదు. ఇక్కడ ఆ పొదుపే చేటు. నీళ్లు చాలకపోతే ట్యాంకులో గట్టిదంతా గొట్టం కిందే కుప్పగా పేరుకుని దారి మూసేస్తుంది. క్యాంపు స్థలంలో మురుగు గొట్టం తగిలించాక ట్యాంకు వాల్వు తెరిచే ఉంచినా అంతే, నీళ్లు జారిపోయి గట్టిది మిగిలిపోతుంది. ట్యాంకు నిండేదాకా వాల్వు మూసే ఉంచాలి, ఖాళీ చేశాక మళ్లీ రెండు బకెట్ల నీళ్లు పోయాలి. అమ్మకి నేను చెప్పింది ఇదే: "సగం గిన్నె నిండేదాకా నీళ్లు పట్టమ్మా, ఆ తర్వాతే పూర్తిగా నొక్కు."