బీటీ ప్రత్తి – మన కర్తవ్యము

నూతనమైనది ఏది మన గడపకు వచ్చినను దానిని దేవతయని పూజించుటయో, భూతమని తరుముటయో మనకు పరిపాటియైనది. మశూచికి టీకాలు వచ్చిన దినములలో ఇట్లే జరిగినది. జన్యుమార్పిడి పంటల విషయమున నేడును ఇట్లే జరుగుచున్నది. ఒక పక్షమువారు అవి ఆకలికి దివ్యౌషధమందురు. వేరొక పక్షమువారు అవి విషమందురు. ఈ కోలాహలమున, ఆ విత్తనమును ఇరువదియేండ్లకు పైగా తన చేలో నాటుచున్న తెలుగు రైతు అనుభవమెట్టిదో విచారించువారు అరుదు. మేము ఈ వ్యాసమున ఆ అనుభవమునే ప్రమాణముగా గైకొనుచున్నాము.

మొదట ఆ విద్య స్వరూపమును తెలిసికొందము. ప్రాణి కణములలో దాని గుణములను నిర్ణయించు జన్యువులు గలవు. ఒక ప్రాణి జన్యువును వేరొక ప్రాణిలో ప్రవేశపెట్టు ఉపాయమును 1973లో అమెరికాలో కోహెన్, బోయర్ అను శాస్త్రజ్ఞులు సాధించిరి. రెండేండ్లకే శాస్త్రజ్ఞులు అసిలోమార్ అను చోట సమావేశమై, ఈ పనికి ఏ హద్దులుండవలెనో తామే చర్చించి నిర్ణయించుకొనిరి. ఈ విద్య తొలి ఫలము వైద్యమునకు దక్కినది. అంతకు పూర్వము పశువుల నుండి, పందుల నుండి తీయుచుండిన ఇన్సులిన్‌కు బదులు, సూక్ష్మజీవులచే తయారుచేయించిన మానవ ఇన్సులిన్ 1982 నుండి రోగులకు లభించినది. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో ఈ మార్గముననే హెపటైటిస్-బి టీకాను తయారుచేసి, దిగుమతి టీకా కంటె ఎంతో తక్కువ వెలకు అందించినది. కావున ఈ విద్యను సమూలముగా నిందించువారు, తమ యింటి మధుమేహ రోగికి ఇచ్చు సూదిమందు ఎక్కడిదో ఒకమారు తలచుట మంచిది.

ఇక ప్రత్తి సంగతి. నేలలో బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి గలదు. బీటీ యన్నది దాని పొట్టిపేరు. పట్టుపురుగులను చంపు తెగులునకు కారణముగా దీనిని 1901లో జపాను దేశమున కనుగొనిరి. 1911లో జర్మనీలోని తురింజియా సీమలో మరల కనుగొనుటచే ఆ పేరు వచ్చినది. ఇది చేయు ఒక మాంసకృత్తు గొంగళిపురుగు ప్రేగులోని క్షారమున కరగి, ప్రేగుగోడకు అంటుకొని, దానికి రంధ్రములు చేయును. పురుగు మేత మాని చచ్చును. మనుష్యుని కడుపు ఆమ్లమయము. మన ప్రేగులకు ఆ మాంసకృత్తు అంటుకొను తావులు లేవు. ఆ జన్యువును ప్రత్తిలో చొప్పించినచో మొక్కయే తన మందును తాను తయారుచేసికొనును.

దీనిని మన రైతులు ఎంత ఆశతో స్వీకరించిరో తెలియవలెనన్న వెనుకటి కథ తెలియవలెను. 1987–88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలోను, 1997–98లో ఓరుగల్లు జిల్లాలోను పురుగు ప్రత్తిని తినివేయగా, అప్పులపాలైన రైతులనేకులు ఆత్మహత్య చేసికొనిరి. పురుగునకు కొట్టగా మిగిలిన మందునే త్రాగినవారెందరో! అట్టి దేశమునకు 2002 మార్చిలో బీటీ ప్రత్తికి అనుమతి లభించినది. ఆనాడు భారతదేశమున హెక్టారుకు సుమారు 300 కిలోలుగా నున్న దూది దిగుబడి అయిదారేండ్లలో 550 కిలోల వరకు పెరిగినది. ఇది యంతయు ఒక్క జన్యువు మహిమ యనరాదు; నీరు, ఎరువులు, క్రొత్త పురుగుమందులు కూడ తోడ్పడినవి. అయినను కాయతొలుచు పురుగుపై మందుకొట్టుట కొన్నేండ్లు తగ్గెననుట నిజము.

అయితే ఆ జన్యువు మన రైతు చేతికి ఏ త్రోవను వచ్చినది? అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో దానిని సూటి రకములలో నుంచిరి. మన దేశమున కంపెనీలు దానిని సంకర విత్తనములలోనే అమ్మినవి. సంకర పంట గింజను దాచి మరుసటి యేడు నాటినచో పైరు సమముగా రాదు. కావున ఏటేట అంగడికి పోక తప్పదు. తొలుత 450 గ్రాముల సంచి వెల 1,600 రూపాయలకు పైబడి యుండెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమీషను నాశ్రయించి పోరాడిన తరువాతనే, 2006లో అది 750 రూపాయలకు దిగినది.

ఆ సంచితోపాటు 120 గ్రాముల చిన్న సంచి యొకటి ఇచ్చెడివారు. అది బీటీ కాని విత్తనము. చేను చుట్టును నాటవలసినది. దాని మర్మమిది: బీటీకి లొంగని పురుగు ఎక్కడనో ఒకటి పుట్టును. అట్టివి తమలో తాము జతకూడినచో సంతతి యంతయు మొండిదగును. మామూలు మొక్కలపై బ్రతికిన లొంగు పురుగులు చుట్టునున్నచో, ఆ మొండిది వానితో జతకూడును. పుట్టిన పిల్లలు మందుకు లొంగును. గ్రామములలో ఈ చిన్న సంచిని గూర్చి మేము అడుగగా ఒక వృద్ధుడు నవ్వి, “పురుగు కోసం ఎవరన్నా పంట వేస్తారా బాబూ? అది అక్కడనే పారేస్తాం” అనెను. ఆతని తర్కమున దోషము లేదు. ఆ సంచి యెందులకో ఆతనికి బోధించినవారే లేరు.

ఫలితము గులాబీరంగు పురుగు రూపమున వచ్చినది. ఆ పురుగునకు ప్రధానాహారము ప్రత్తియే. వేరు పైర్లలో దానికి ఆశ్రయము స్వల్పము. మన సంకర రకములు చేలో దీర్ఘకాలము నిలుచుటచే దానికి తరము వెంట తరము మేత దొరకినది. పైగా సంకర మొక్క కాయలో కొన్ని గింజలకు బీటీ గుణము సంక్రమించదు. అట్టి మిశ్రమమును తినుచు పురుగు మెల్లగా మొండిదేరినది. తొలి బీటీకి అది లొంగుట లేదని గుజరాతు చేలను గూర్చి 2010లో కంపెనీయే ఒప్పుకొనినది. రెండు జన్యువులతో 2006లో వచ్చిన రెండవ బీటీ కూడ తరువాతి దశాబ్దపు నడుమనే ఓడినది. రైతు మరల మందుడబ్బా వీపున కెత్తుకొనెను.

ఈ సంకర విత్తనము పుట్టు విధమును కూడ గృహిణులు తెలిసికొనవలెను. సాయంకాలము ప్రతి మొగ్గను విప్పి దానిలోని పుంకేసరములను తీసివేయవలెను; మరునాటి ఉదయము వేరు మొక్క పుప్పొడిని చేతితో అద్దవలెను. పల్లెలలో దీనిని క్రాసింగు అందురు. గద్వాల, కర్నూలు ప్రాంతముల చేలలో ఈ పనికి చిన్న వ్రేళ్లు కావలెనని ఆడపిల్లలను బడి మాన్పించి పంపిన వైనమును పరిశోధకులు ఏండ్ల తరబడి వెల్లడించిరి. స్త్రీవిద్యను గూర్చి సభలలో ఉపన్యసించు మనము, మన చీర నూలులో ఆ పిల్లల పలక పోయెనని ఎన్నడైన తలచితిమా?

ప్రతి పంటను ఒకే త్రాసున తూచరాదు. బీటీ వంకాయపై 2010లో, హైదరాబాదుతో సహా ఏడు పట్టణములలో బహిరంగ విచారణ జరిపిన పిమ్మట కేంద్రమంత్రి జైరాం రమేశ్ నిషేధము విధించెను. పొరుగున బంగ్లాదేశ్ రైతులు 2014 నుండి దానిని పండించుచున్నారు. కలుపుమందును తట్టుకొను ప్రత్తికి అనుమతి లేకున్నను, విత్తనము చాటున అమ్ముడై మన చేలలోనికి వచ్చినది. చాటున వచ్చినదానికి పరీక్ష లేదు, నష్టము వచ్చినచో జవాబుదారియు లేడు. జన్యుమార్పిడి ఆవాల విషయమున 2024లో సర్వోన్నత న్యాయస్థానపు న్యాయమూర్తులు ఇరువురు భిన్నాభిప్రాయులైనను, దేశమునకు ఒక విధానము ఏర్పడవలెనని మాత్రము ఏకకంఠముగా పలికిరి.

ఆ విధానమును కోరవలసినవారు మనమే. క్రొత్త విత్తనము వచ్చినపుడు నాలుగు ప్రశ్నలు వేయుదము: ఇందు చేర్చిన గుణమేది? దానిని స్వతంత్రులెవరు పరీక్షించిరి? రైతు గింజను దాచుకొనవచ్చునా? పంట చెడినచో ఎవరు భరింతురు? మేలైన జన్యువును సూటి రకములలో నుంచి ఇచ్చుట మన వ్యవసాయ విశ్వవిద్యాలయముల ధర్మము. అందులకు ధనమిచ్చుట ప్రభుత్వ ధర్మము. చదివినవారి ధర్మమో, పల్లె నుండి చుట్టములు వచ్చినపుడు పంట ధర అడిగి యూరకుండక, ఆ చిన్న సంచి యెందులకో వారికి అర్థమగునట్లు చెప్పుట. విత్తనపు సంచిపై ముద్రించిన మాటలను చదివి చెప్పువాడు ఊరికొకడు లేనంతకాలము, ఎంత గొప్ప శాస్త్రమైనను మన చేలలో సగమే పండును.