కోడ్ 93లో ఒక లేసు గౌను

భారతదేశంలో పనిగంటల చరిత్ర రాసేవారు జంషెడ్‌పూర్ దగ్గర ఆగక తప్పదు. అక్కడి టాటా ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అమలైంది. పనిగంటలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ తన తొలి ఒప్పందాన్ని ఆమోదించింది ఆ తర్వాత ఏడేళ్ళకు. 1920లో వేతనంతో కూడిన సెలవు, 1928లో ప్రసూతి ప్రయోజనం వచ్చాయి. శ్రమ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో లెక్కగట్టడం దేశానికి నేర్పిన ఊళ్ళలో అదొకటి. ఆ లెక్క మాత్రం కార్మికుడి ఇంటి గడప దాటి లోపలికి వెళ్ళలేదు.

ఉక్కు పని కోసం వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళో తరతరాలుగా ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు. కద్మాలోనో సోనారీలోనో అలాంటి ఒక ఇంట్లో, కూతురి పెళ్ళి రిసెప్షన్‌కు తల్లి లేసు గౌను కుడుతోందనుకుందాం. బొటిక్‌లో అడిగిన ధర విని వెనుదిరిగి, సాక్చీ బజారులో గుడ్డ కొని తెచ్చుకుంది.

లేసు కుట్టడం జాకెట్టు కుట్టడం లాంటిది కాదు. ముందు చవక గుడ్డతో నమూనా కుట్టి, తొడిగి, కొలతలు సరిచూసుకోవాలి. లైనింగు మీద లేసు పరిచి రెంటినీ కచ్చా కుట్టుతో కలపాలి. పక్క కుట్ల దగ్గర పువ్వు సగానికి తెగిపోతే గౌను అందం పోతుంది. అందుకని పువ్వు అంచు వెంబడే కత్తిరించి, ఒక పొర మీద మరో పొర వేసి, చేతి సూదితో అతకాలి. వంపుల అంచు ఉన్న లేసును కింద మడిచి కుట్టడానికి వీల్లేదు. పొడవు తగ్గించాలంటే నడుము దగ్గరే సర్దాలి. మిషన్ పళ్ళలో వల చిక్కుకోకుండా కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, ఆ తర్వాత కాగితాన్ని చింపేయాలి. జిప్పు చేత్తో కుడితేనే నిలకడగా కూర్చుంటుంది. ఇదంతా వంట, అంట్లు, అత్తగారి మందులు అయ్యాక చేసే పని. పది రాత్రులు, రాత్రికి మూడు గంటల చొప్పున వేసుకుంటే 30 గంటలు. కర్మాగారం భాషలో దాదాపు నాలుగు షిఫ్టులు.

ఇంత పనిని రాజ్యం చూడలేదా? చూసింది. దేశంలో ఎవరు ఏ పని చేస్తున్నారో తేల్చే కార్మిక సర్వేలో ప్రతి మనిషికీ ఒక కోడ్ ఉంటుంది. ఇంటిపని మాత్రమే చేసేవారు 92. ఇంటిపనితో పాటు కట్టెలు ఏరుకురావడం, ఇంటి అవసరానికి బట్టలు కుట్టడం, నేయడం వంటివి చేసేవారు 93. కుట్టుపని అనే మాట ఆ నిర్వచనంలోనే ఉంది. అయినా ఈ రెండు కోడ్‌లవారూ శ్రామికశక్తికి వెలుపలి వారే. ఇంటి వాడకానికి తయారుచేసిన వస్తువు కూడా ఉత్పత్తేనని జాతీయ ఆదాయ లెక్కల అంతర్జాతీయ ప్రమాణాలు సూత్రప్రాయంగా ఒప్పుకుంటాయి. అంటే గౌను ఉత్పత్తి కాగలదు, దాన్ని కుట్టినామె మాత్రం శ్రామికురాలు కాదు! 2024 కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాలుపంచుకున్న స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చించారు. పురుషులు 88 నిమిషాలు.

తల్లి కూతురికి కుట్టిపెట్టిన గౌనుకు కూలీ లెక్కేమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే అమ్మకానికి చేసినప్పుడైనా లెక్క మారిందా? లేసు చరిత్రే దీనికి జవాబు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతానికి ఈ అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. అది విదేశాలకు ఎగుమతయ్యే పెద్ద పరిశ్రమ అయింది. నూలు ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లినది ఏజెంటే పట్టుకుపోతాడు. పువ్వులు అల్లేది ఒక ఇంట్లో, వాటిని అతికేది మరో ఇంట్లో. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీలపై 1982లో ప్రచురించిన పుస్తకంలో తేల్చింది ఒక్కటే: ప్రపంచ మార్కెట్ కోసం పనిచేస్తున్న ఈ స్త్రీలను ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణులుగా చూడడం వల్లే వారి కూలీ అంత తక్కువగా నిలిచింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. లేసుకు చిరునామా దొరికింది. అల్లే చేతికి మాత్రం ఇంకా దొరకలేదు.

ఇంటి నుంచి పనిచేసేవారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందాన్ని తెచ్చింది. భారత్ నేటికీ దాన్ని ధ్రువీకరించలేదు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో ఇంటి ఆధారిత శ్రామికులకు నిర్వచనమైతే ఉంది. కానీ ఎగుమతిదారుకూ అల్లే స్త్రీకీ మధ్య ఇద్దరు ముగ్గురు దళారులున్నచోట యజమాని ఎవరని ఆమె నిరూపించగలదు?

ఈలోగా రాజకీయం మరో దారి కనిపెట్టింది. ఝార్ఖండ్ ప్రభుత్వం 2024లో మయ్యా సమ్మాన్ యోజన కింద స్త్రీల ఖాతాల్లో నెలకు వెయ్యి రూపాయలు వేసింది. ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లో గెలిచాక దాన్ని 2,500 చేసింది. ఆ డబ్బు ఎన్నో ఇళ్ళలో అక్కరకొచ్చింది, దాన్ని తాయిలమని ఈసడించడం అన్యాయం. అయితే ఆ పథకం పేరులో ఉన్నది సమ్మానం, శ్రమ కాదు. సమ్మానం ఇచ్చేవాడి దయ. ఓట్లు అవసరమైనప్పుడు పెరుగుతుంది, ఖజానా తగ్గినప్పుడు కోతపడుతుంది. శ్రమకు గుర్తింపు ఉంటే రేటు అడగవచ్చు, పెన్షను అడగవచ్చు, సంఘం పెట్టుకోవచ్చు.

అందువల్ల అడగవలసింది తల్లి కుట్టిన గౌనుకు బిల్లు కాదు. ఇంటి అవసరానికి కుట్టే స్త్రీని సర్వే శ్రామికురాలిగా లెక్కించాలి. అమ్మకానికి కుట్టే, అల్లే స్త్రీకి వస్తువు లెక్కన కనీస రేటు నిర్ణయించి, దాన్ని చెల్లించే బాధ్యత చివరి కొనుగోలుదారు దాకా అంటగట్టాలి. కర్మాగారంలో ఎనిమిది గంటల లెక్క కూడా ఒకప్పుడు కొత్త ఆలోచనే. ఇంట్లో జరిగే శ్రమకు అలాంటి లెక్క రావాలంటే ముందుగా ఓట్లడగడానికి వచ్చేవారిని ఈ కోడ్ 93 గురించి నిలదీయాలి.