ఇంకో కాగితం

యూనివర్సిటీల్లో ఈమధ్య రీసెర్చి స్కాలర్లకి కెరీర్ వర్క్‌షాపులు పెడుతున్నారు. సి.వి. ఎలా రాయాలి, ఏ ఫెలోషిప్‌కి ఎప్పుడు అప్లై చేయాలి, అన్నీ చెబుతారు. పిహెచ్‌డి అవగానే రెండేళ్ళు విదేశంలో పోస్ట్‌డాక్ చేసి రమ్మంటారు. ఆ రెండేళ్ళూ పిల్లని బడికి ఎవరు దింపుతారో మాత్రం ఏ స్లయిడ్‌లోనూ ఉండదు.

వాళ్ళకి దర్శన్ రంగనాథన్ గురించి కూడా చెప్తే బాగుండును. ఆర్గానిక్ కెమిస్ట్రీలో గొప్ప పరిశోధన చేసిన మనిషి. భర్త కాన్పూర్ ఐఐటీలో ప్రొఫెసర్. భార్యాభర్తలిద్దరికీ ఒకేచోట ఉద్యోగం ఇవ్వకూడదన్న, ఎక్కడా రాసిలేని నియమం వల్ల ఆవిడకి అక్కడ అధ్యాపక ఉద్యోగం రానేలేదు. ఏళ్ళ తరబడి ఫెలోషిప్పుల మీదే పనిచేసింది. తర్వాత త్రివేండ్రం, 1998లో మన హైదరాబాద్ ఐఐసిటి. 2001లో, సరిగ్గా అరవయ్యో పుట్టినరోజున చనిపోయింది. ప్రతిభ ఉంటే దారి దానంతటదే దొరుకుతుందనేవాళ్ళు ఈవిడ విషయంలో ఏమంటారో!

ఇప్పుడు రాసిపెట్టిన నియమాలు కొంత నయం. యుజిసి 2016 నిబంధనలు పిహెచ్‌డి చేసే స్త్రీలకి 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, గడువు మీద మరో రెండేళ్ళు ఇచ్చాయి. 2022 నిబంధనల్లోనూ అవి ఉన్నాయి. మధ్యలో పరిశోధన ఆగిపోయిన స్త్రీల కోసం కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2002-03లోనే ఒక పథకం తెచ్చింది. ఇవేవీ ఊరికే రాలేదు, అడిగితే వచ్చాయి.

నేనూ ఆ సెలవు తీసుకున్నాను. మా గైడు 'తీసుకోమ్మా, నీ హక్కే కదా' అన్నాడు. అంటూనే నా ప్రయోగాలు ల్యాబ్‌లో ఒక కుర్రాడికి అప్పగించాడు. ఎనిమిది నెలల తర్వాత వచ్చేసరికి పేపరు సిద్ధంగా ఉంది. నా పేరు మూడోది. ఆయన కోప్పడలేదు, సెలవుకి అడ్డు చెప్పలేదు. ఫిర్యాదు చేద్దామంటే ఏ నిబంధనా తప్పలేదు. పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూలో మాత్రం మొదటి పేరుతో ఎన్ని పేపర్లున్నాయని అడిగారు.

అందుకే నా దగ్గరికొచ్చే అమ్మాయిలకి సెలవు కాగితంతో పాటే ఇంకో కాగితం రాసుకోమంటాను. ఏ పని ఎవరిది, ఎంతవరకూ వచ్చింది, పేపరులో ఎవరి పేరు ముందు. గైడు దానికి ఒప్పుకున్నట్టు ఈమెయిల్ తెప్పించుకోమంటాను. మొన్న ఒకమ్మాయి 'సార్‌ని అనుమానించినట్టు ఉంటుందేమో మేడమ్' అంది. 'సెలవుకి డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మన్నప్పుడు ఆయనేమన్నా మొహమాటపడ్డాడా?' అన్నాను. కాసేపు ఆలోచించి, ఆ కాగితం ఏ భాషలో రాయాలని అడిగింది.