దిల్‌సుఖ్‌నగరమున విశ్రాంతిదినము

దిల్ అనగా హృదయము. దిల్‌సుఖ్‌నగర మను పేరును విడదీసి చదివినచో హృదయమునకు సుఖ మొసగు నగరమని యర్థము వచ్చును. పదునొకండు సంవత్సరముల క్రిందట మావారికి ఇచ్చటి యొక పాఠశాలలో ఉపాధ్యాయ పదవి లభించినప్పుడు మే మా పేరు విని మురిసితిమి. కాపురము పెట్టిన మొదటి రాత్రియే పేరునకును ఊరునకును గల దూరము తెలిసినది.

హైదరాబాదునకు తూర్పున, విజయవాడకు పోవు పెద్దబాట కిరుప్రక్కల నున్నది యీ పేట. అర్ధరాత్రము దాటినను బస్సుల మ్రోత యాగదు. తెల్లవారకమున్నే పాలబండ్లు, వాని వెనుక పుస్తకముల సంచులు వీపున వైచుకొని కోచింగు సెంటర్లకు పరుగెత్తు యువతీయువకులు. వారు జిల్లాలనుండి వచ్చి, హాస్టళ్ల యిరుకుగదులలో నుండి, ఉద్యోగపరీక్షలకు చదువుచుందురు. వారి కన్నులలో నిద్రలేమి స్పష్టముగ గానవచ్చును.

మా యింటి స్థితియు నట్టిదే. మావారు బడినుండి వచ్చి, దీపములు పెట్టువేళకు మరల ట్యూషనుపిల్లలకు పాఠములు చెప్పుదురు. మాకు వంట, పిల్లల చదువులు, ఇంటియద్దె, ఊరిలోనున్న అత్తగారి మందులు. రాత్రి పండుకొన్నను మనస్సు లెక్కలు వేయుచునే యుండును. పనులన్నియు తీరిన పిమ్మట విశ్రాంతి లభించునని చాలకాలము తలచితిమి. పనులు తీరనే లేదు.

మా తండ్రిగారు తెలుగు పండితులు. మమ్ము బడికి బంపక, యింటనే ఉదయమున భారత భాగవతములును, సాయంకాలమున బైబిలును జదివించిరి. క్రీస్తుభక్తికి తెలుగు రాగతాళముల నమర్చిన పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు మేము వారి యొడిలోనే నేర్చితిమి. గజేంద్రుడు తన బలమును నమ్ముకొన్నంత కాలము పోరాడెననియు, బలము సడలిన పిదపనే మొఱపెట్టెననియు వారు చెప్పుచుండిరి. భారము మోయువారిని క్రీస్తు తనయొద్దకు బిలిచిన పిలుపు మత్తయి సువార్త 11వ అధ్యాయమున నున్నది. అది చెవిని బడుటకును అట్టి వేళయే రావలెనని వారి మాట.

ఆ పిలుపు దూరమున వినబడునేమో యని యొక క్రిస్మసునకు మెదకు పోయితిమి. అచ్చటి మహాదేవాలయము పోస్నెట్ దొరగారి పూనికతో 1914లో ఆరంభమై, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడినది. కరవున నలిగిన కూలిజనమునకు ఆ కట్టడపు పని యన్నము పెట్టినది. రంగుటద్దములనుండి దిగు వెలుగులో కూర్చుండి కన్నీరు విడిచితిమి. మనస్సు తేలికపడినది. కాని దిల్‌సుఖ్‌నగరములో బస్సు దిగగనే, విడిచివచ్చిన భారము మాకొఱకే నిలిచియున్నట్లు మరల తలకెక్కినది.

మా ఆదివారపు యాత్ర అంత దూరము గాదు. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేటనుండి ఎల్.బి. నగరమువఱకు మెట్రోరైలు నడచినది మొదలు, మేము దానియందే ఆరాధనకు బోవుచున్నాము. స్టేషను మెట్లెక్కునపుడు క్రింది బాటవంక చూడకుండ నుండలేము. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము ఈ పేటలోనే రెండు బాంబులు ప్రేలి, 15 మందికి పైగా మరణించిరి; నూరుమందికి పైగా గాయపడిరి. పని ముగించి యింటికి మరలు వేళ యది. ఇంటికి మరలుటయే ఎంతటి భాగ్యమో ఈ పేటవారికి వేఱుగ చెప్పనక్కరలేదు.

రైలు చైతన్యపురి దాటి విక్టోరియా మెమోరియల్ చేరును. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలమున విక్టోరియా రాణి పేర నెలకొల్పిన అనాథబాలల ఆశ్రయమే ఆ స్టేషనునకు పేరిచ్చినది. తరువాతిది లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన ఎల్.బి. నగరము. విజయవాడ బాటను ఉప్పలునుండి వచ్చు బాట యిచ్చట కలియును. మూటలతోను చంటిబిడ్డలతోను బస్సులకై నిలుచువారితో ఆ కూడలి యెల్లప్పుడును నిండియుండును. దానికి సమీపమున నొక సందులో, మిద్దెపై రేకులకప్పు క్రింద, మేము కూడుకొను మందిర మున్నది.

ఒక ఆదివారము పాదిరిగారు మార్కు సువార్త 4వ అధ్యాయమును వివరించిరి. తుఫానులో దోనె మునుగుచుండగా క్రీస్తు తలగడపై నిద్రించుచుండెను. గాలి యణగిన పిదప వచ్చిన నిద్ర కాదది. గాలి వీచుచుండగనే వచ్చినది. తండ్రి చేతిలో నున్నానని యెఱిగిన బిడ్డ సంతలోనైనను నిదురించును గదా! వెలుపల బస్సుల మ్రోత నిలువలేదు. మాలోపల మాత్రము ఏదో నిలిచినది. మహాశాంతితో నింటికి మరలితిమి.

ఇంటికి వచ్చి చూడగా, పనిమనిషి యింకను గిన్నెలు తోముచున్నది. నల్లగొండ జిల్లానుండి వచ్చినది, మాకన్న పదియేండ్లు పెద్దది, మూడిండ్ల పని చేయునది. "ఇంకను కాలేదా? వంటకు వేళ మించిపోయినది!" అని గద్దించితిమి. ఆమె తలయెత్తక, "ఐతారం ప్రార్థనకు పోక ఏడాదాయెనమ్మా. గిన్నెలు తోముకుంట పాట పాడుకున్న, గందుకే ఆలిశమైంది" అన్నది.

ఆమె మా విశ్వాసపుదే యని మే మెఱుగుదుము. ఆదివార మామె యెచ్చట ప్రార్థించునో యన్న తలంపు మాత్రము మా కొక్కనాడును రాలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక ద్వితీయోపదేశకాండము తెఱచితిమి. 5వ అధ్యాయమున విశ్రాంతిదినపు ఆజ్ఞ యున్నది. యూదులకది శనివారము, క్రీస్తు లేచిన దినమగుటచే క్రైస్తవులము ఆదివారము నాచరింతుము. ఆ యాజ్ఞ చిన్ననాటినుండి మాకు కంఠస్థమే. కాని దాసదాసీలు నీవలెనే విశ్రమింపవలెనని యందే యున్న మాట మా కంటికి నాటినది ఆనాడే. మీరును ఒకప్పుడు ఐగుప్తులో దాసులైయుంటిరని దేవుడు దానికి కారణము గూడ చెప్పినాడు. ఆమె చేతులపై మోపి వచ్చిన భారమును మేము క్రీస్తు పాదములయొద్ద దించితిమని భ్రమపడితిమి!

మరుసటి వారమునుండి ఆదివార మామెకు సెలవిచ్చితిమి. జీతమున నొక్క రూపాయియు తగ్గింపలేదు. ఆమె తక్కిన రెండిండ్లలో నొకరు మా మాట విని సమ్మతించిరి; రెండవ యింటిపని యామె తెల్లవారకమున్నే ముగించుకొనును. గిన్నెలు మేము తోముదుము, మావారు కడుగుదురు, పిల్లలు తుడుతురు. మా పని తగ్గలేదు, హెచ్చినది. అయినను ఆదివారపు రాత్రి లెక్కలు వేయకయే నిద్రించుచున్నాము.

సోదరీమణులారా! విశ్రాంతికై కొండలకును దూరక్షేత్రములకును పోగల భాగ్యము మనలో కొందఱికే కలదు. మన యింట మనకొఱకు చేతులరుగదీసికొనువారికి ఒకనాటి తీరిక నిచ్చుట యందఱికిని సాధ్యము. ఇచ్చి చూడుడు.

మొదటి ఆదివార మామె మాతో మెట్రోరైలెక్కినది. చైతన్యపురి రాకముందే మా భుజముపై తలవాల్చి నిద్రించినది. ఎల్.బి. నగరము వచ్చువఱకు మేము కదలలేదు.